మడకి మంచినీళ్ళు

ఉదయం తొమ్మిదీ ఇరవైకి నీళ్ళ ట్యాంకరు మా మావయ్య వాళ్ళ ఊరి కట్ట మీదికి వచ్చింది. టైము ఎందుకు గుర్తుందంటే, తొమ్మిదిన్నరకి కట్ట చివరకి వచ్చే బస్సు అందుకుని నేను గుడివాడ వెళ్ళాలి. చెప్పులేసుకుని వాచీ చూసుకుంటూ వాకిట్లో నిలబడి ఉన్నాను.

నాగాయలంక దాటి, తారు రోడ్డు అయిపోయి, మట్టి కట్ట కూడా అయిపోయే చోట ఉంటుంది ఆ ఊరు. అందరూ చేపల వేట చేసుకునేవాళ్ళు. అక్కడికి ట్యాంకరు రావడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. తాగే నీళ్ళకి ఆడవాళ్ళు మైలున్నర నడిచి పక్క ఊరి చెరువు నుంచి మోసుకొచ్చేవారు. అందుకని హారను వినపడగానే చేతికందిన బిందే, బక్కెట్టూ, అన్నం గిన్నే పట్టుకుని అందరూ కట్టెక్కేశారు. డ్రైవరు దిగి, ట్యాంకరు కుళాయికి అడ్డంగా నిలబడ్డాడు.

“అమ్మా, ఇయ్యి మీకు కాదు. మొక్కలకి.”

“ఏ మొక్కలకయ్యా?” అంది మా అత్త.

“మొన్న నాటారు గదా. ఆ మడ మొక్కలకి.”

మా అత్త బిందె కింద పెట్టింది.

“మడకి మంచినీళ్ళు పోస్తారా?”

“పొయ్యమన్నారు.”

“ఎవరు?”

“బందరోళ్ళు.”

“బందరోళ్ళు ఎప్పుడూ సముద్రం చూళ్ళేదా?”

“నేను డ్రైవర్నమ్మా. నన్నడిగితే నేనేం చెప్తాను?”

అప్పుడు నవ్వారు. డ్రైవరు కూడా నవ్వాడు. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను, బస్సు పోయింది. ఆ ట్యాంకరు అక్కడికి రావడానికి సగం కారణం నేనేనన్న సంగతి ఆ పూట నాకు తోచలేదు.

మడ చూడ్డానికి గొప్ప చెట్టేమీ కాదు. అడవి అనగానే మనసులో మెదిలే ఎత్తూ నీడా దానికి లేవు. మనిషికి రెండింతల ఎత్తు పెరిగితే పెద్ద చెట్టు కిందే లెక్క. మాను వంకరగా ఉంటుంది, దూలానికీ గుమ్మానికీ పనికిరాదు. బురదలో పుడుతుంది. సముద్రం రోజుకి రెండుసార్లు పోటెక్కి లోపలికి వచ్చి, రెండుసార్లు వెనక్కి తీసే చోటనే బతుకుతుంది. తాగిన ఉప్పుని ఆకు మీదికి తోసేస్తుంది. ఎండవేళ ఆకు మీద వేలు రాసి నాలిక్కి పెట్టుకుంటే ఉప్పగా ఉంటుంది. ఆ బురదలో గాలి ఆడదు కాబట్టి వేళ్ళని నేలలోంచి పైకి పంపుతుంది. చెట్టు చుట్టూ పెన్సిళ్ళు గుచ్చినట్టు జానెడేసి లేచి ఉంటాయి. మా వాళ్ళు వాటిని ముక్కులు అనేవారు. పోటు నీరు వచ్చి పోతుంటే ఆ ముక్కులు తడుస్తూ, ఆరుతూ ఊపిరి తీసుకుంటాయి. నీరు వచ్చి నిలిచిపోతే మడ చస్తుంది. అసలు రాకపోయినా చస్తుంది. రావాలి, పోవాలి. దానికి కావలసింది అంతే. పుస్తకాల్లో ఇంకా చాలా రాశారు, నేను చదివాను కూడా. మా మావయ్యకి తెలియనిది వాటిలో పెద్దగా కనపడలేదు.

మావయ్య మా అమ్మకి అన్న. పదేళ్ళు వచ్చేదాకా నన్ను ఆయనే పెంచాడు. తర్వాత బందరు హాస్టల్లో చదువుకుని, గుడివాడలో ఒక గ్రంథాలయంలో పనికి కుదిరాను. ఆయన సముద్రం మీదికి వెళ్ళడం మానేసి చాలా కాలమైంది. ఇనప కొక్కెం, గోనెసంచీ పట్టుకుని మడలో పీతలు పట్టేవాడు. ఉప్పెన వచ్చినప్పుడు ఊరికీ సముద్రానికీ మధ్య మడ ఉండబట్టే మిగిలామని ఆయన అనేవాడు. మిగలనివాళ్ళ పేర్లు తీసి, వాళ్ళకీ ఆ మడే అడ్డం ఉంది గదా అని అత్త అనేది. ఈ వాదన వాళ్ళిద్దరి మధ్య ఇరవై ఏళ్ళు నడిచింది. ఎవరూ నెగ్గలేదు.

ఊరి వెనక మడలోకి సముద్రపు నీరు ఒక పాయ గుండా వచ్చేది. ఆ పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఏటేటా ఇసుక మేట వేసేది. దాన్ని తవ్వడానికి ఊరికి ఒక పద్ధతి ఉండేది. మాఘం వెళ్ళాక వచ్చే అమావాస్యకి సరిగ్గా రెండు రోజుల ముందు, ఇంటికొక మనిషి పార పట్టుకుని మొగకి వెళ్ళాలి. మొత్తం తవ్వక్కర్లేదు. ఒక పడవ పట్టేంత వెడల్పున కాలవ తీసి వచ్చేస్తే, అమావాస్య పోటు తన దారి తనే కోసుకుంటుంది. రెండు రోజులు ముందే ఎందుకంటే, అంతకంటే ముందు తవ్వితే ఇసుక మళ్ళీ పూడుస్తుంది, ఆలస్యమైతే పోటు చేతికందదు. మధ్యాహ్నం అక్కడే పీతల పులుసు వండుకునేవారు. రానివాడికి జరిమానా లేదు. మళ్ళీ ఏడు తవ్వేదాకా అతన్ని ఊరంతా ‘పెద్దమనిషి’ అని పిలిచేది, అంతే. ఒకాయనకి అది రెండేళ్ళు వరసగా తగులుకుంది. మూడో ఏడు జ్వరంతో ఉండి కూడా వచ్చి తవ్వాడు.

తొంభైల నడుమ రొయ్యల చెరువులు వచ్చాయి. గుడివాడ వైపు నుంచి ఒక ఆసామి వచ్చాడు. వరి పొలాల మనిషి. మంచివాడే. ఊళ్ళోకి రాగానే అందరితో వరసలు కలిపేశాడు. మావయ్య ఆయనకి ‘బాబాయ్’ అయ్యాడు. గంగమ్మ జాతరకి మైకుసెట్టు ఇచ్చాడు. వేట నుంచి వచ్చిన చేపకి ఐసు ఊరికే ఇచ్చాడు. పాయ పక్క నేల కాగితాల్లో ఉప్పు బీడు. దాని మీద ఉన్న మడ ఆ కాగితాల లెక్కన బీట్లో మొలిచిన పిచ్చి కంప. పొక్లెయిన్ వచ్చి దాన్ని నాలుగు రోజుల్లో తోసేసింది. ఆ మట్టితోనే పాయ మొగకి అడ్డంగా కట్ట వేశారు. నీళ్ళు లోపలికి రావడానికి కట్టలో ఒక తూము పెట్టారు. బిందె మూతి కంటే కొంచెం పెద్దది.

“అడవికి నీళ్ళు రావాలి గదా బాబూ,” అని మావయ్య అడిగితే, ఆసామి ఆ తూము చూపించాడు.

“నీ అడవికి నేనెందుకు అడ్డం పడతాను బాబాయ్? నీళ్ళు రావాలన్నావ్, వస్తన్నాయ్. ఇదిగో చూడు.”

వస్తున్నాయి. చెంబుతో పోస్తున్నట్టు.

ఆ ఏడు మొగ తవ్వడానికి మావయ్య పార పట్టుకుని బయల్దేరితే వెనక నలుగురు కూడా లేరు. మంచి పార పట్టేవాళ్ళంతా చెరువుల దగ్గర నెలజీతానికి కుదిరిపోయారు. కట్టకి కాపలా వాళ్ళే. తవ్వాల్సినవాళ్ళే తవ్వకుండా చూసే ఉద్యోగం చేస్తుంటే ‘పెద్దమనిషి’ అని ఎవర్ని పిలవాలో ఊరికి అర్థం కాలేదు. ఆ మాట అక్కడితో పోయింది.

రెండేళ్ళకి మిగిలిన మడ మధ్య నుంచి ఎండడం మొదలైంది. ముందు ముక్కులు నల్లబడి, పట్టుకుంటే విరిగిపోయాయి. తర్వాత ఆకు పసుపెక్కింది. తూముకి దగ్గరగా దక్షిణపు అంచున మాత్రం కొంత పచ్చగా మిగిలింది. అప్పుడు మావయ్య మూడు బస్సులు మారి, పామర్రులో గంటసేపు నిలబడి, గుడివాడలో నా దగ్గరికి వచ్చాడు.

“అర్జీ రాసిపెట్టు అమ్మాయ్. కట్టకి ఒక గండి కొట్టాలి. పడవంత. ఆ ముక్క రాయి.”

ఆ ముక్క రాయడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. అప్పటికి నేను చాలా చదివి ఉన్నాను. చదివినదంతా ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలియక ఉన్నాను. నాలుగు పేజీలు వచ్చింది. మొదటి పేజీలో కడలి ఘోష ఉంది. రెండో పేజీలో పుడమితల్లి పచ్చని పైట చెంగు ఉంది. మూడో పేజీ అంతా అది చిరిగిపోతున్న వైనం. ఇప్పుడా మాటలు రాస్తుంటే చేతికి కష్టంగా ఉంది, కానీ అప్పుడు నా అంతట నేనే రాశాను. మావయ్య చదివి వినిపించమన్నాడు. గోడకి ఆనుకుని కూర్చుని ఆసాంతం విన్నాడు.

“బాగుంది అమ్మాయ్. గండి ఎక్కడుంది?”

“చివర ఉంది మావయ్యా. ‘కావున తమరు దయతలచి, కట్ట విషయమై తగు చర్యలు గైకొని’ అని.”

“అందులో గండి అని లేదుగా?”

“కట్ట విషయమై అంటే అదే.”

“ముందే పెట్టకూడదా, ఫలానా చోట ఇంత గండి అని?”

“వెళ్ళగానే అడిగేస్తే మర్యాదగా ఉండదు మావయ్యా.”

చదువుకున్నదాన్ని కదా అని ఆయన ఇంకేమీ అనలేదు.

ఇద్దరం కలిసి బందరు వెళ్ళాం. ఏ ఆఫీసని చెప్పను, చెట్లు వాళ్ళ చేతిలో ఉండే ఆఫీసు. అక్కడి ఆఫీసరు నాలుగు పేజీలూ చదివాడు. ఆఫీసుల్లో ఎవరూ ఏదీ చదవరంటారు గానీ, ఈయన చదివాడు. అదే మా ప్రాణానికి వచ్చింది. మధ్యలో రెండుచోట్ల ఎర్ర పెన్నుతో గీత కూడా గీశాడు.

“ఎవరండీ రాసింది? ఇలాంటి తెలుగు చూసి ఎన్నాళ్ళయిందో.”

నేను తల దించుకున్నాను. సిగ్గుతో కాదు, సంతోషంతో.

“తప్పకుండా చేద్దామండీ. నాటిద్దాం. పెద్ద ఎత్తున నాటిద్దాం,” అన్నాడు.

“నాటొద్దండీ,” అన్నాడు మావయ్య. “ఉన్నయ్యి చాలు. గండి కొట్టించండి.”

“గండా? అది మా చేతిలో లేదు పెద్దాయనా. కట్ట ఒక ఆఫీసుది, అందులో నీళ్ళు ఇంకో ఆఫీసువి, చెరువు మూడో ఆఫీసుది. మొక్కొక్కటే మాది. మా చేతిలో ఉన్నది మేం చేస్తాం. మీరు ఇంత అందంగా పచ్చదనం కావాలని రాస్తే మేం ఊరుకుంటామా?”

బయటికి వచ్చాక మావయ్య మెట్ల మీద కూర్చుని బీడీ ముట్టించాడు. “పచ్చదనం ఎక్కడిదే?” అన్నాడు. రెండో పేజీలో ఉందని చెప్పాను.

వాళ్ళు అన్న మాట తప్పలేదు. నెల తిరగకుండానే ఊళ్ళో షామియానా వేశారు. నా రెండో పేజీలోని వాక్యం ఒకటి గుడ్డ మీద రాయించి కట్టారు. మడ నాటే చోటు బురదలో ఉంటుంది, కార్లు అక్కడికి రావు. కాబట్టి కార్లు వచ్చే చోటే నాటారు. ఊరి కట్ట పక్క మెరక, ఇసక నేల. ఏ పోటూ అక్కడిదాకా ఎక్కదు. గోతులు ముందురోజే తీయించారు. టేకు మొక్కకి తీసినట్టు నలుచదరంగా, వరసగా. ఒక్కో గోతిలో తట్టెడు పశువుల ఎరువు. డెల్టాలో పుట్టినవాళ్ళంతే, ఏ మొక్క కనపడినా గట్టూ, ఎరువూ, కాలవ నీళ్ళూ గుర్తొస్తాయి. కొబ్బరిని పెంచారు, అరటిని పెంచారు. మడని కూడా పెంచుదామనుకున్నారు.

మొదటి మొక్క ముఖ్య అతిథి నాటాడు. ముఖ్య అతిథి ఎవరంటే రొయ్యల చెరువు ఆసామే. భోజనాల ఏర్పాటు ఆయనది. నాటుతూ మావయ్యని చూసి, “నీ అడవి మళ్ళీ వస్తంది బాబాయ్,” అన్నాడు. వెటకారం లేదు ఆ మాటలో. వెటకారమైతే కొంత నయంగా ఉండేది.

మడల్లో ఇంకో జాతి ఉంది, మా వాళ్ళు ఉప్పుపొన్న అంటారు. దాని కాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, జానెడు కర్రలా వేలాడుతుంది. మొన తేలిన కొస వేరు. అది బురదలో దిగాలి. ఆ రోజు తెప్పించిన బస్తాలో ఆ కర్రలు కూడా ఉన్నాయి. మొన ఉన్న వైపు చిగురనుకుని పెద్దవాళ్ళు దాన్ని ఆకాశానికి పెట్టి పాతారు. మావయ్య వాళ్ళ వెనకే వంగి ఒక్కోటీ పీకి తిరగేసి గుచ్చుకుంటూ వెళ్ళాడు.

“పెద్దాయనా, ఫోటో అయ్యేదాకా ఆగండి,” అన్నాడు ఆఫీసరు.

మావయ్య ఆగాడు. ఫోటో అయ్యాక మళ్ళీ వంగాడు. ఆ ఇసకలో ఎట్లా పెట్టినా ఒకటేనని ఆయనకీ తెలుసు. తలకిందులుగా ఉన్నదాన్ని చూస్తూ ఊరుకోలేక చేశాడు.

ఆ మొక్కలకే ట్యాంకరు వచ్చింది. మొదటి రోజు ఎంత చెప్పినా డ్రైవరు ఒప్పుకోలేదు. ఎదురుగా మడ మొక్కలకి మంచినీళ్ళు పోసి, బిందెలు పట్టుకున్నవాళ్ళ మధ్య నుంచి బండి తిప్పుకుని పోయాడు. రెండోరోజు పావు వంతు ఇచ్చాడు. వారానికల్లా మొక్కలకి పావు వంతు, ఊరికి మిగతాది. మా అత్త పెళ్ళయిన మర్నాటి నుంచి ఆ మైలున్నర నడుస్తోంది. ఆమె కుడి భుజం ఎడమదాని కంటే కిందికి ఉండేది. ఇప్పుడు వాకిలి దాటితే నీళ్ళు. ఆ నెలలో నేను రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ ఆమె నాకు గ్లాసు నిండా నీళ్ళిచ్చి, నేను తాగేదాకా ఎదురుగా కూర్చుంది.

మొక్కలు ఒక్కొక్కటే ఎండిపోయాయి. అది ఎవరికీ ఆశ్చర్యం కాదు. ఆశ్చర్యం డ్రైవరు చెప్పిన మాట.

“పైనించి చూడ్డానికి వస్తారంటమ్మా. ఇట్టా ఎండి ఉంటే ట్యాంకరు ఆపేస్తారు. మీకు నీళ్ళూ పోతయ్, నాకు ట్రిప్పూ పోద్ది.”

“ఎండి ఉంటే గదా,” అంది మా అత్త.

మర్నాడు తెల్లారేసరికి ప్రతి గోతిలోనూ పచ్చటి మడ కొమ్మ నిలబడి ఉంది. కోసిన కొమ్మ ఉప్పు నేలలో ఒక పూట కూడా ఆగదు గానీ, మంచినీళ్ళు పోస్తే మూడు రోజులు పచ్చగానే ఉంటుంది. ఆ ట్యాంకరు నీళ్ళు మడకి ఉపయోగపడింది ఆ ఒక్క విధంగానే. ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారు. మూడు రోజులకోసారి పాతవి పీకడం, కొత్తవి గుచ్చడం. పచ్చటి కొమ్మ దొరికే చోటు ఒక్కటే ఉంది, దక్షిణపు అంచు.

మావయ్య అత్తని అక్కడే పట్టుకున్నాడు. అప్పుడు నేను ఆయన వెంట ఉన్నాను.

“ఏంది నువ్వు చేసేది?”

“నీళ్ళు తెస్తన్నా.”

“కొడవలితోనా?”

“నువ్వు అర్జీతో తేలా? నేను కొడవలితో తెస్తన్నా.”

“అర్జీ నీళ్ళ కోసం కాదే. గండి కోసం.”

“మరి గండి వచ్చిందా? నీళ్ళు వచ్చినయ్.”

“ఈ కాసినే పచ్చగా మిగిలినయ్యి. వీటినే నరుకుతున్నావ్.”

“ఎండినయ్యి గుచ్చితే పనికొస్తయ్యా మరి?” అని, కోసిన కొమ్మల్ని మోపు కట్టి, “ఒక చెయ్యి పట్టు, తలకెత్తు,” అంది.

ఆయన మోపు ఎత్తి ఆమె తల మీద పెట్టాడు.

ఇన్స్పెక్షన్ వచ్చిన రోజు ఊరంతా స్నానాలు చేసి ఉంది. కొమ్మలు ఆ తెల్లవారే మార్చారు. బందరు ఆఫీసరు, ఆయనకి పై ఆఫీసరు ఒకాయన, కెమెరా పట్టుకున్న మనిషి వచ్చారు. పై ఆఫీసరు వరసల మధ్య నడిచాడు. ఒకచోట వంగి ఆకు పట్టుకుని చూశాడు. లాగి చూడలేదు. లాగితే చేతికి వచ్చేది. ఊరి కట్ట మీద ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో నిలబడి ఉన్నారు, ట్యాంకరు కుళాయి ఇంకా తిప్పలేదు.

పై ఆఫీసరు మావయ్య వైపు తిరిగాడు. “మొక్కలొద్దు, గండి కావాలన్నది మీరేనట కదా. ఏమంటారిప్పుడు? బతికాయా, లేదా?”

మావయ్యకి తను అనుకున్న మాట చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాదు. ఒక్క కొమ్మ పీకి చేతిలో పెడితే చాలు. ఇక్కడ మొక్క బతకదు, నీరు వచ్చి పోయే చోటే బతుకుతుంది, అందుకే గండి అడిగానని అనొచ్చు. అడిగేవాడు అడిగాడు, వినడానికి సిద్ధంగా కూడా ఉన్నాడు. మావయ్య కట్ట మీదికి చూశాడు. మా అత్త బిందె చంకన పెట్టుకుని ఆయన్నే చూస్తోంది.

“బతికినయ్యండి,” అన్నాడు.

“అన్నీనా?”

“అన్నీనండి.”

నేనూ అక్కడే ఉన్నాను. నాకూ తెలుసు. నాలుగు పేజీలు రాసినదాన్ని నాలుగు మాటలు చెప్పలేకపోయాను.

కెమెరా మనిషి ఆడవాళ్ళని వరసగా నిలబెట్టి, మొక్కలకి నీళ్ళు పోస్తున్నట్టు బిందెలు వంచమన్నాడు. ఖాళీ బిందెలే వంచారు. అది తర్వాత ఆఫీసు వాళ్ళు వేసిన చిన్న పుస్తకంలో వచ్చింది. మా గ్రంథాలయానికి కూడా ఒక కాపీ పంపారు. నేనే నంబరు వేసి బీరువాలో పెట్టాను.

అర్జీ మీద నా గుడివాడ అడ్రసు ఉంది కాబట్టి జవాబు నాకే వచ్చింది. తీసుకెళ్ళి మావయ్యకి చదివాను. నాటిన మొక్కలు ఏపుగా ఎదుగుతున్నట్టు పరిశీలనలో తేలింది కాబట్టి ఈ విషయంలో వేరే చర్య ఏదీ అవసరం లేదనీ, అర్జీ ముగించడమైనదనీ ఉంది.

“గండి మాట ఉందా?”

“లేదు మావయ్యా.”

“చివర చూడు. చివర పెడతారేమో, నీ మాదిరి.”

ఆయన నవ్వుతూనే అన్నాడు. నాకు ఆ తర్వాత ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి ధైర్యం చాలలేదు.

కాగితంలో రెండో పేరా కూడా ఉంది. మొక్కలు నిలదొక్కుకున్నాయి కాబట్టి వచ్చే నెల నుంచి ట్యాంకరు నిలిపివేస్తున్నట్టు. అది చదవాలా వద్దా అని ఆలోచిస్తుండగా మా అత్త గుమ్మంలోంచి, “ఇంకేదో ఉంది, చదువు,” అంది. చదివాను. ఆమె కొడవలి తీసి చూరులో దోపింది. ఆ నెలాఖరు నుంచి మళ్ళీ మైలున్నర.

తర్వాతి ఏడు అమావాస్యకి రెండు రోజుల ముందు మావయ్య ఒక్కడే పార పట్టుకుని వెళ్ళాడు. ఇది నాకు చెప్పింది ఆ పూట కట్ట కాపలా ఉన్న మనిషే. ఒకప్పుడు మొగ తవ్వేవాళ్ళలో అందరికంటే గట్టి చెయ్యి అతనిది, మావయ్యకి బావ వరస.

“బావా, నువ్వు తవ్వితే నన్ను తీసేస్తారు,” అన్నాట్ట.

“తీసేస్తే పీతలు పట్టుకో.”

“పీతలెక్కడున్నయ్ బావా ఇప్పుడు?”

ఇద్దరూ కట్ట మీద కూర్చుని, అతను తెచ్చుకున్న అన్నం తిన్నారు. పార భుజాన వేసుకుని మావయ్య వచ్చేశాడు. దక్షిణపు అంచు కూడా ఆ ఎండాకాలంలో పోయింది. కొమ్మలు నరికినందుకు పోయిందా, నీళ్ళు లేక పోయిందా అన్నది వాళ్ళిద్దరికీ కొత్త వాదన కాగలిగేది. వాళ్ళు వాదించుకోలేదు. అత్త వంటకి ఎండు మడ కర్ర తెచ్చేది, మావయ్య దాన్ని చిన్న ముక్కలు చేసి ఇచ్చేవాడు. మడ కర్ర బాగా మండుతుంది.

రెండువేల సంవత్సరం దాటాక మావయ్య జ్వరంతో పోయాడు. వారం రోజుల జ్వరం, విశేషమేమీ లేదు. ఆసామి కారులో వచ్చి, “బాబాయ్‌కి అడవంటే ప్రాణం,” అని అందరి ముందూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నిజంగానే పెట్టుకున్నాడు. నేను చూశాను.

ఆ తర్వాత ఆయనా అక్కడ ఎక్కువ కాలం లేడు. రొయ్యలకి తెగులు తగిలింది. వరసగా రెండు పంటలు పోయాయి. మోటార్లు ఊడదీసుకుని గుడివాడ వైపు వెళ్ళిపోయి, అక్కడ చేపల చెరువులు తవ్వించాడు. కాపలావాళ్ళ ఉద్యోగాలు పోయాయి. చెరువుల అడుగున ఉప్పు పొరలు కట్టింది. తూము పూడిపోయింది. మొగ దగ్గర కట్ట మాత్రం అలాగే ఉంది, తుమ్మ మొలిచింది దాని మీద.

ఇప్పుడా కట్టకి ఆసామి లేడు, కాపలా లేదు. గండి కొడితే వద్దనేవాళ్ళు ఎవరూ లేరు. కొట్టడానికి ఏ ఆఫీసు అనుమతీ అక్కర్లేదు, నలుగురు మనుషులూ ఒక పూటా చాలు. మొన్నామధ్య వెళ్ళినప్పుడు, వెనకటి కాపలా మనిషిని ఈ మాటే అడిగాను. నాగాయలంకలో కూలిపనికి వెళ్ళడానికి ఆటో కోసం ఊరి కట్ట మీద కూర్చుని ఉన్నాడు.

“కొట్టొచ్చమ్మా,” అన్నాడు. “కొట్టి ఏం చెయ్యాలి? లోపల ఏముంది?”

ఆటో వచ్చింది, ఎక్కాడు.

మాఘం వెళ్ళాక అమావాస్య ఏ రోజు వస్తుందో ఆ ఊళ్ళో ఇప్పుడు ఎవరూ చూసుకోరు. మొగ తవ్వడం మానేశారు.